నాలుగో కారణం

నెల్లూరు జిల్లాలో సముద్రానికీ కొండకీ మధ్య ఒక్క పూట ప్రయాణం. తూర్పున మైపాడు ఇసుకలో నిలబడి పొద్దు పొడుపు చూసిన మనిషి మధ్యాహ్నానికల్లా పడమటి వెలిగొండల్లో ఏ వాగు ఒడ్డునో కూర్చుని అన్నం మూట విప్పుకోవచ్చు. మధ్యలో వరి మళ్ళు, రొయ్యల గుంటలు, పొదలకూరు వచ్చేసరికి నిమ్మతోటలు. అందుకేనేమో, మా ట్రెక్కింగ్ బృందంలో సగం మంది సముద్రం ఒడ్డు ఊళ్ళ వాళ్ళే. పుట్టిన దగ్గర్నుంచి చదునైన నేల మీద నడిచిన కాళ్ళకు ఎత్తు మీద ఆశ ఎక్కువ.

బృందానికి పెద్దదిక్కు మాస్టారు. కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. డెబ్బైకి దగ్గరపడినా కొండెక్కేటప్పుడు కుర్రవాళ్ళకంటే ముందుంటారు. ఆయన పెట్టిన నియమం ఒకటుంది. ఏడాదిలో ఒక్క ప్రయాణమైనా సర్కారు బడి పిల్లల కోసం ఉండాలి. బస్సు ఖర్చూ భోజనాల ఖర్చూ పెద్దవాళ్ళు పంచుకోవాలి. పిల్లలు మాత్రం ఒక నోటు పుస్తకం, ఒక పెన్సిలు తెచ్చుకుంటే చాలు. చూసింది రాసుకోవాలి, విన్నది రాసుకోవాలి. రాయనిది నిలవదు అంటారాయన.

ఆ ఏడాది మాస్టారు ఎంచుకున్న రోజు 2022 అక్టోబరు 22. నాలుగో శనివారం కాబట్టి బ్యాంకు ఉద్యోగులకు సెలవు. ఇంకో రెండు రోజుల్లో దీపావళి కాబట్టి రాత్రంతా చీకటి. ఈ రెండింటికంటే ముఖ్యమైన కారణం వేరే ఉంది. ఆ రాత్రి 12 గంటల 7 నిమిషాలకు శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం3 రాకెట్ లేవబోతోంది. మన దేశం కట్టిన రాకెట్లలోకెల్లా బరువైనది, దాదాపు 640 టన్నులు. ఎత్తు 43.5 మీటర్లు. వన్‌వెబ్ అనే బ్రిటన్ సంస్థకు చెందిన 36 ఉపగ్రహాలను మోసుకుపోతుంది. ఆ రాకెట్‌కి అదే మొదటి వాణిజ్య ప్రయోగం.

నెల్లూరులో రాకెట్ చూడటం కొత్తేమీ కాదు. ప్రయోగమున్న రోజు జనం మేడల మీదికి ఎక్కుతారు. కానీ ఊరి దీపాల మధ్య చూసేది వేరు, దీపం లేని చోట చూసేది వేరు. "పగలు కొండ, రాత్రి రాకెట్. రెండూ ఒక్క రోజులో చూపిస్తాను" అన్నారు మాస్టారు. పెంచలకోనకు బయలుదేరాం.

బస్సు నెల్లూరు దాటగానే ఆయన లేచి, ముందు సీటు పట్టుకుని నిలబడి మొదలుపెట్టారు.

"శ్రీహరికోటనే ఎందుకు ఎంచుకున్నారో ఎవరికైనా తెలుసా? మన దేశానికి ఇంత పొడవు తీరముంది. ఇక్కడే ఎందుకు?"

ఎవరూ పలకలేదు. పుస్తకాలు తీశారు.

"నాలుగు కారణాలు. రాసుకోండి. మొదటిది, భూమధ్యరేఖకు దగ్గర. భూమి పడమటి నుంచి తూర్పుకి తిరుగుతుంది కదా. భూమధ్యరేఖ దగ్గర ఆ వేగం గంటకు సుమారు 1,670 కిలోమీటర్లు. శ్రీహరికోట దగ్గర 1,620. ధ్రువాల వైపు పోయేకొద్దీ తగ్గిపోతుంది. తూర్పుకి వదిలిన రాకెట్‌కి ఈ వేగం ఉచితంగా కలిసొస్తుంది. రెండోది, తూర్పున అంతా బంగాళాఖాతం. రాకెట్‌లో కాలిపోయిన భాగాలు రాలిపడితే నీళ్ళలోనే పడతాయి, ఎవరి నెత్తినా పడవు. మూడోది, అది దీవి. ఒక పక్క సముద్రం, ఒక పక్క పులికాట్ సరస్సు. కాపలా సులువు. అట్లాగని మారుమూల కాదు. సూళ్ళూరుపేటలో రైలుంది, మద్రాసు రోడ్డుంది."

పిల్లల పెన్సిళ్ళు ఆగేదాకా ఆగారు.

"నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. అక్కడ మనుషులు లేరు. జనం లేని చోటు దొరకడం మన దేశంలో ఎంత కష్టమో ఆలోచించండి. 1969లో ఆ దీవిని ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి మొదటి చిన్న రాకెట్ లేచింది. ఇవాళ ప్రపంచంలో ఏ దేశమైనా మన దగ్గరికొచ్చి తమ ఉపగ్రహాన్ని పంపించుకునే స్థితి వచ్చింది."

నా పక్క సీట్లో మైపాడు దగ్గరి పట్టపుపాలెం పిల్ల కూర్చుంది. ఎనిమిదో తరగతి. తండ్రి సముద్రం మీదికి వేటకు పోతాడు. అంకెలు వేసి, నాలుగు కారణాలూ గుండ్రటి అక్షరాలతో రాసుకుంది. నాలుగోదాని కింద గీత కూడా గీసింది, మాస్టారు ముఖ్యమన్నారని.

పొదలకూరు, రాపూరు, గోనుపల్లి. అక్కడి నుంచి రోడ్డు కొండల్లోకి దూరుతుంది. మూడు వైపులా వెలిగొండలు, మధ్యలో లోయ, లోయలో పెనుశిల నరసింహస్వామి. చెంచులక్ష్మి ఈ అడవి బిడ్డ. స్వామి ఆమెను పెళ్ళాడాడనీ, ఆదిలక్ష్మి అలిగి వాగు అవతలికి వెళ్ళిపోయిందనీ కథ. అమ్మవారి గుడి ఇప్పటికీ విడిగానే ఉంటుంది. ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటికో పెంచలయ్య, పెంచలమ్మ ఉంటారు. శనివారం కావడంతో కోన భక్తులతో నిండిపోయి ఉంది.

గుడి వెనక నుంచి అడవి. స్వామి పేరు మీదే అభయారణ్యం, వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైగా విస్తీర్ణం. 1997లో ప్రకటించారు. ఎర్రచందనం పెరిగే కొండలు కావడంతో అటవీ సిబ్బంది నిఘా గట్టిగా ఉంటుంది. అనుమతి తీసుకుని, పేర్లు రాయించి, చీకటి పడకముందే తిరిగొస్తామని చెప్పి లోపలికి పోవాలి. మాస్టారి ఇంకో నియమం, స్థానికుడు ఒకరు వెంట లేకుండా అడవిలో అడుగుపెట్టకూడదు. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో ట్రెక్కింగ్‌కి వెళ్ళినవాళ్ళను కార్చిచ్చు చుట్టుముట్టింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది చదువుకున్న యువతీయువకులే. ఆ వార్త వచ్చిన నాటి నుంచి ఈ నియమం ఇంకా బిగిసింది. మ్యాపు దారి చూపిస్తుంది గానీ గాలి ఎటు తిరిగిందో చెప్పదు అంటారు మాస్టారు. నేనూ నమ్ముతాను.

మాకు దొరికిన మనిషి యానాది తాత. కోన బయట నిమ్మతోటలో కాపలా ఉంటాడు. అరవై అయిదు దాటి ఉంటాయి. ఎండుకట్టె లాంటి శరీరం, మోకాళ్ళ పైకి కట్టిన పంచె, చేతిలో కొడవలి. కాళ్ళకు ఏమీ లేవు.

యానాదుల గురించి నెల్లూరులో పుట్టిన ప్రతివాడూ తనకు ఎంతో కొంత తెలుసనుకుంటాడు. పొలంలో ఎలకలు పట్టేవాళ్ళు, చెరువులో చేపలు పట్టేవాళ్ళు, పాము కరిస్తే ఆకు పసరు పోసేవాళ్ళు, తోటకు కాపలా ఉండేవాళ్ళు. తీరం నుంచి కొండ దాకా జిల్లాలో వాళ్ళు లేని ఊరు అరుదు. ఏ ఊళ్ళోనూ నాలుగు సెంట్ల సొంత నేల ఉన్నవాళ్ళు కూడా అరుదే. వాళ్ళ కోసం జీవితాన్ని ధారపోసిన మనిషి మన జిల్లావాడే, వెన్నెలకంటి రాఘవయ్య. పుట్టుకతోనే దొంగలని ముద్రవేసే నేరస్థ జాతుల చట్టానికి వ్యతిరేకంగా ఆయన ఏళ్ళ తరబడి పోరాడారు. స్వాతంత్ర్యం వచ్చాక ఐదేళ్ళకు, 1952లో ఆ చట్టం రద్దయింది. యానాదుల జీవితం మీద 1962లో ఇంగ్లీషులో పుస్తకం రాశారు. 1973లో పద్మభూషణ్ వచ్చింది. ఆ పేరు నెల్లూరు పిల్లలకు పాఠంగా చెప్పాలి. మాస్టారు ఆ రోజు చెప్పారు కూడా. పిల్లలు రాసుకుంటుంటే తాత కొంచెం దూరంలో నిలబడి, కొడవలి మొనతో కాలి ముల్లు తీసుకుంటున్నాడు.

నడక మొదలైంది. వాగు పక్కనే దారి. అక్టోబరు కాబట్టి అడవి పచ్చగా ఉంది. తాత ముందు, పిల్లలు వెనక, పెద్దవాళ్ళం చివర. ఆయన ఎక్కువ మాట్లాడడు. ఆగితే ఏదో ఉందని అర్థం.

మొదటిసారి ఆగింది ఒక తీగ దగ్గర. సన్నటి తీగ, ఆకుల మీద తెల్ల చారలు. కొడవలి మొనతో మన్ను తోడి, వేరు బయటికి లాగి, చిన్న ముక్క కోసి పిల్లల చేతికిచ్చాడు. వాసన చూసి అందరూ ఒక్కసారి "సుగంధి సోడా" అని అరిచారు. సుగంధి వేరు. అంతవరకూ చాలామందికి తెలిసిన సంగతే. తర్వాత ఆయన చేసింది నేను మరిచిపోలేను. మిగిలిన వేరును విరగకుండా మళ్ళీ గుంటలో పడుకోబెట్టి, మన్ను కప్పి, అరచేత్తో ఒత్తి, ఎండుటాకులు పైకి లాగాడు. అక్కడ ఎవరైనా తవ్వారంటే నమ్మలేం.

"మొత్తం తీసేస్తే మళ్ళా ఏడాది ఏం తీస్తాం నాయనా" అన్నాడు, ఎవరూ అడగకుండానే.

రెండోసారి ఆగింది పట్టపుపాలెం పిల్ల కోసం. రాళ్ళ మీద దూకేటప్పుడు బూటు అడుగు ఊడి నోరు తెరిచింది. బడిలో ఇచ్చిన బూట్లు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బూటుకోసం కాదు, తనవల్ల అందరూ ఆగారని. తాత చుట్టూ చూసి, ఆరె చెట్టు కొమ్మ ఒకటి కోసి, పట్ట ఒలిచి, లోపలి నార చీల్చి, తొడ మీద పెట్టి అరచేత్తో పేనాడు. నాలుగు పురులు తిప్పేసరికి తాడైంది. బూటు చుట్టూ రెండు వరసలు వేసి ముడివేశాడు.

పిల్ల ఏడుపు ఆపి ఆ ముడి వంకే చూసింది. వేలు పెట్టి లాగింది. జారలేదు.

"తాతా, ఇది వల ముడి. మా నాయన ఇట్టనే ఏస్తాడు."

"అవునమ్మణ్ణీ. వల ముడే."

"కొండలో ఉండేవాళ్ళకి వల ముడి ఎట్ట తెలుసు?"

"చిన్నప్పుడు నేర్చుకున్నాలే" అని లేచాడు.

జలపాతం ఇంకా పైన ఉంది. వాగు దాటి అవతలి గట్టున ఎక్కాలి. నీళ్ళు మోకాళ్ళ లోతు కూడా లేవు. కుర్రవాళ్ళు అప్పటికే ప్యాంట్లు మడిచారు. తాత అడ్డంగా చెయ్యి చాపాడు. వంగి దోసెడు నీళ్ళు తీసుకుని వెలుగులో చూశాడు. ఎండుటాకుల పొడి, సన్నటి నురగ. ఒడ్డున ఒక పుల్ల గుచ్చి కూర్చున్నాడు.

"పైన వాన పడింది. కాసేపు చూద్దాం సామీ."

మా నెత్తిన ఎండ కాస్తోంది. చుక్క వాన లేదు. ఇంత దూరం వచ్చి జలపాతం చూడకుండానే పోవాలా అని వెనక ఎవరో గొణిగారు. మాస్టారు వినిపించుకోలేదు. పిల్లల్ని వరసగా లెక్కపెట్టి కూర్చోబెట్టారు.

పుల్ల చుట్టూ నీళ్ళు చేరాయి. నీళ్ళ రంగు మారింది. కాసేపటికి పుల్ల కనిపించలేదు. మేం దాటాలనుకున్న రాళ్ళు ఒక్కొక్కటే మునిగిపోయాయి. పైనుంచి విరిగిన కొమ్మ ఒకటి గిరగిరా తిరుగుతూ మా ముందునుంచే పోయింది. అవతలి గట్టున ఉండి ఉంటే ఆ రాత్రి అక్కడే చిక్కుకుపోయేవాళ్ళం, పిల్లలతో సహా. గొణిగిన కుర్రవాడే ముందుగా లేచి వచ్చి తాత చెయ్యి పట్టుకున్నాడు.

తాత వాగు వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "చెంగాళమ్మ తల్లీ!" అన్నాడు.

మాస్టారి ముఖం వెలిగింది. "పిల్లలూ, విన్నారా? చెంగాళమ్మ సూళ్ళూరుపేట దేవత. రాకెట్ వదిలే ముందు ఇస్రో పెద్దలు కూడా ఆ గుడికి పోయి దణ్ణం పెట్టుకుంటారు. ఇవాళ రాత్రి రాకెట్‌నీ, ఇప్పుడు మననీ కాపాడే తల్లి ఒక్కతే!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. పట్టపుపాలెం పిల్ల మాత్రం తాత దగ్గరికి జరిగింది.

"ఇది నరసింహస్వామి కోన కదా తాతా. చెంగాళమ్మ ఈడుందా?"

"మనం యాడుంటే ఆడ పలకతాదమ్మా."

వెనక్కి వచ్చి, ఎత్తున ఉన్న బండల మీద కూర్చుని పులిహోర పొట్లాలు విప్పాం. తాత ఆ పిల్ల పక్కనే కూర్చున్నాడు. మీది ఏ ఊరని అడిగాడు. చెప్పింది. కాసేపు ఆగి, "ఉప్పుటేట్లో ఎండ్రకాయలు ఇంకా పడతా ఉండాయా?" అన్నాడు. రొయ్యల గుంటలు వచ్చినాక తగ్గినాయని మా అవ్వ చెప్తుందని పిల్ల చెప్పింది. కాలవలో పడవలు తిరుగుతాయా అని అడిగాడు. బకింగ్‌హాం కాలవ మా ఊరి దగ్గర పూడిపోయింది తాతా, పడవలు ఎప్పుడూ చూళ్ళేదు అంది. "మా చిన్నప్పుడు పడవల నిండా కట్టెలు పట్నానికి పోయేటియి. రేయంతా తెడ్డు సప్పుడే" అన్నాడు. పట్నం అంటే మద్రాసు. వాళ్ళిద్దరూ చాలాసేపు ఇసుక గురించీ, ఆటుపోట్ల గురించీ, తాటాకు కప్పు ఎన్నేళ్ళు నిలుస్తుందనీ మాట్లాడుకున్నారు. కొండ ప్రయాణంలో వాళ్ళిద్దరి మధ్య ఒక్కసారి కూడా కొండ మాట రాలేదు.

చీకటి పడకముందే అడవి దాటి, పేర్లు రాయించిన చోట మళ్ళీ లెక్క చెప్పి, సత్రానికి చేరాం. తాతకు ఇవ్వవలసిన కూలికి మాస్టారు ఇంకొంత కలిపి ఇచ్చారు. రాత్రి రాకెట్ చూడటానికి రమ్మని పిలిచారు. ఆయన ముందు వద్దన్నాడు. తోట కాపలా ఉంది సామీ అన్నాడు. పిల్లలు వదల్లేదు. పట్టపుపాలెం పిల్ల చెయ్యి పట్టుకుని "నువ్వు రాకపోతే నేనూ పోను" అంది. ఆయన తల వంచుకుని, సరేనన్నాడు.

కోన లోపలినుంచి తూర్పు సరిగా కనపడదు. కొండల భుజాలు అడ్డం. గోనుపల్లి వైపు కొంతదూరం వస్తే కొండలు విడిపోయి ఆకాశం తెరుచుకుంటుంది. పదకొండున్నరకు అక్కడ పొలం గట్టున దుప్పట్లు పరిచి కూర్చున్నాం. అమావాస్య ముందు రోజులు. పక్క మనిషి ముఖం కనపడదు. తలెత్తితే చుక్కలు. ఊళ్ళో పెరిగిన పిల్లలు అన్ని చుక్కలు ఒక్కసారి చూడటం అదే మొదలేమో, చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఫోన్లకు సిగ్నల్ సరిగా లేదు. మాస్టారు చేతి గడియారం మీద టార్చి వేసుకుని లెక్క మొదలుపెట్టారు. "ఇక్కడి నుంచి శ్రీహరికోట తిన్నగా చూస్తే వంద కిలోమీటర్ల పైచిలుకు. ఆగ్నేయం వైపు చూడండి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి లేవగానే కనపడదు. కిలోమీటరు ఎత్తు దాటాలి. కంగారు పడొద్దు."

పన్నెండు గంటల ఏడు నిమిషాలు. ఏమీ లేదు. ఎవరో ఊపిరి బిగబట్టారు. అంతలో నేల అంచున ఒకచోట చీకటి ఎర్రబడింది. ఆ ఎరుపులోంచి నారింజ రంగు మంట ఒకటి ఊడి పైకి లేచింది. మొదట నిదానంగా, తర్వాత చూస్తుండగానే వేగంగా. పిల్లల ముఖాల మీద వెలుగు పడేంత దగ్గర కాదు. అయినా ప్రతి ముఖంలో వెలుగుందని నాకు అనిపించింది. చప్పట్లు, కేకలు, "భారత్ మాతా కీ జై". మాస్టారి గొంతు వణికింది. ఆయన విద్యార్థిగా ఉన్న రోజుల్లో ఈ దేశం రాకెట్ విడిభాగాలను సైకిళ్ళ మీద మోసుకుపోయింది. 1979 ఆగస్టులో ఇదే దీవి నుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ3 సముద్రంలో కూలిపోయింది. 1980 జులై 18న అదే రాకెట్ రోహిణిని కక్ష్యలో పెట్టింది. అవన్నీ పేపర్లో చదివి దాచుకున్న మనిషి ఇప్పుడు 36 విదేశీ ఉపగ్రహాలు ఒక్క మంట మీద పోవడం చూస్తున్నారు. ఆ గర్వం నాదీ, అక్కడున్న అందరిదీ.

మంట దక్షిణానికి వాలుతూ చిన్నదైంది. అందరి తలలూ దానితోపాటే పైకి లేచి, పక్కకు తిరిగాయి. తాత మాత్రం కదల్లేదు. అది లేచిన చోటునే, నేల అంచునే చూస్తున్నాడు. అక్కడ అప్పటికే చీకటి మూసుకుపోయింది.

"ఇప్పుడు ఒక పరీక్ష" అన్నారు మాస్టారు. "వెలుగు వెంటనే వచ్చింది. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లే నడుస్తుంది. వంద కిలోమీటర్లు దాటి మన దాకా రావాలంటే ఐదు నిమిషాలకు పైగా పడుతుంది. ఇంత దూరం వినపడటం కష్టమే. అయినా చెవులు రిక్కించి కూర్చుందాం. గాలి అటునుంచే వీస్తోంది."

కూర్చున్నాం. కీచురాళ్ళు, దూరంగా వాగు. ఒక నిమిషం గడిచింది. చిన్నపిల్లలు కదలడం మొదలుపెట్టారు. వాళ్ళను కుదురుగా ఉంచడానికి మాస్టారు మెల్లగా అడిగారు. "పొద్దున బస్సులో రాసుకున్నారే, నాలుగు కారణాలు. చూడకుండా ఎవరు చెప్తారు?"

పట్టపుపాలెం పిల్ల లేచి నిలబడింది. నారతో కట్టిన బూటుతో, చేతులు కట్టుకుని, బడిలో చెప్పినట్టే చెప్పింది.

"ఒకటి, భూమధ్యరేఖకు దగ్గర. రెండు, తూర్పున సముద్రం. మూడు, చుట్టూ నీళ్ళు కాబట్టి కాపలా సులువు. నాలుగు, అక్కడ మనుషులు లేరు."

"శభాష్!" అన్నారు మాస్టారు.

పిల్ల కూర్చుంది. పొద్దుటినుంచీ తనకు ఇన్ని చెప్పిన మనిషికి తనూ ఒకటి చెప్పాలనిపించిందేమో, తాత చెవి దగ్గరికి వంగింది. కానీ ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడింది.

"నీకు తెలుసా తాతా? ఆ దీవిలో అసలు ఎవురూ లేరంట."

తాత అటే చూస్తూ తలూపాడు.

"నిజమేనమ్మా. మమ్మల్ని పడవెక్కించినాక ఎవురూ లేరు."